‘పల్లె’ అన్న మాటలో తిట్టు ఉందని ఆ కంపెనీకి ఎవరు చెప్పాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది పల్నాడు వైపు ఒక మండల కేంద్రం. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మేము ఎస్సీలం. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభలో మా అమ్మాయి పాట పాడింది. దానికి పదహారేళ్లు, ఇంటర్ చదువుతోంది. వాళ్ల నాన్న సంబరంగా ఆ వీడియోని సోషల్ మీడియాలో పెట్టారు. మా ఊరి పేరుతో ఉన్న ఒక పేజీ వాళ్లు దాన్ని తీసుకుని తమ పేజీలో వేసుకున్నారు. దాని కింద నలభై దాకా ఉన్న కామెంట్లు చదివాక రెండు రోజులు అన్నం తినలేకపోయాను. కొందరు నేరుగా కులం పేరు పెట్టి తిట్టారు. ఒకడు ‘పల్లె పాటలు పల్లెలోనే పాడుకోవాలి, ఊళ్లోకి తేకూడదు’ అన్నాడు. ఇంకొకడు ‘రిజర్వేషన్ గొంతు’ అన్నాడు. అమ్మాయిని చులకనగా ‘అది’ అని రాసినవాళ్లూ ఉన్నారు. అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, రిపోర్ట్ చేశాను. ‘మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు’ అని మర్నాడు జవాబు వచ్చింది. 24 గంటల్లో తీసెయ్యకపోతే కంపెనీ వాళ్లని జైల్లో పెట్టేలా గవర్నమెంట్ చట్టం తేవాలని మా తమ్ముడు అంటాడు. అలాంటి చట్టం వస్తే ముందు మనమీదే వాడతారని మా ఆయన అంటారు. ఆయన యూనియన్‌లో తిరిగే మనిషి. ఇంట్లో రోజూ ఇదే గొడవ. అమ్మాయేమో వీడియో తీసెయ్యమని ఏడుస్తోంది. ఎవరి మాట సరైనది? నేనిప్పుడు ఏం చెయ్యాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఒక్క మాట. ఆ వీడియోని ఇప్పుడే తీసెయ్యకండి. మీరు తీసేసేది మీ దగ్గరున్న అసలు వీడియోని మాత్రమే. ఆ పేజీలో ఉన్న నకలు, దాని కింద ఉన్న తిట్లు అలాగే ఉండిపోతాయి. పైగా ఏ రోజు, ఎవరు, ఏం పెట్టారన్నదానికి మీ చేతిలో ఉన్న రుజువు పోతుంది. అమ్మాయి బాధ చూడలేకపోతే మీ వీడియో కింద కామెంట్లు ఆపెయ్యండి, లేదా వేరేవాళ్లకి కనబడకుండా మార్చండి. ఉంచాలా వద్దా అన్నది రుజువులన్నీ భద్రం చేసుకున్నాక అమ్మాయే తేల్చుకుంటుంది. అది ఆమె గొంతు, ఆమె పాట.

ఈ రాత్రికే చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. స్క్రీన్‌షాట్లు తీశానని రాశారు. అవి చాలవు. ప్రొఫైల్ మీద కనబడే పేరు ఒక్క నిమిషంలో మార్చేసుకోవచ్చు. కాబట్టి తిట్టినవాళ్ల ప్రొఫైల్ లింకు, ఆ కామెంట్ లింకు, తేదీ, టైము ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. పేజీ అడ్రస్ కనబడేటట్టు మొదలుపెట్టి, కామెంట్లన్నీ మెల్లగా కిందికి జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ ఒకటి తియ్యండి. ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్‌ని అమ్మకండి, ఫార్మాట్ చెయ్యకండి. రేపు కోర్టులో ఎలక్ట్రానిక్ రుజువు చూపించాలంటే కొత్త సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని సులువవుతుంది. ఆ పేజీని తెరిచి చదివినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే, వాళ్లు సాక్ష్యం చెబుతారేమో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇక ‘నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు’ అన్న జవాబు గురించి. మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. తిట్టినవాడు ఎలాగూ తిట్టాడు, చదివి తీర్పు చెప్పాల్సినవాళ్లు కూడా అది తిట్టే కాదన్నారు. కానీ ఆ తీర్పు ఎలా వచ్చి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. పెద్ద కంపెనీల నియమావళుల్లో కులం పేరుతో దూషణ నిషేధమనే రాసి ఉంటుంది. రాత బాగానే ఉంది. ‘పల్లె’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆ రాత పనిచెయ్యదు.

మన కోస్తా జిల్లాల్లో ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే తక్కిన కులాలవాళ్లు ఉండే చోటు. పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. ‘పల్లెలోనే పాడుకో, ఊళ్లోకి తేకు’ అన్నవాడు పాత అంటరానితనాన్నే కొత్తగా టైప్ చేశాడు. మీకు ఆ సంగతి అర్థం కావడానికి అర క్షణం కూడా పట్టి ఉండదు. కానీ పాఠ్యపుస్తకాల్లో పల్లె అంటే పచ్చటి గ్రామం. ఆర్టీసీ పల్లె వెలుగు బస్సు మీద ఉన్నదీ ఆ మాటే. కామెంట్లు జల్లెడ పట్టే మెషీన్ దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకుని చదివితే, జానపద పాటల మీద ఒక అభిప్రాయంలాగా కనబడుతుంది. తెలుగు చదవగలిగిన మనిషే చూసినా, కోస్తా ఊళ్ల సంగతి తెలియకపోతే దాటిపోతాడు. ‘రిజర్వేషన్ గొంతు’ అన్నది కూడా అంతే. అందులో ఒక్క బూతు లేదు, కులం పేరు లేదు. ఎదిగిన ఆడపిల్లని పట్టుకుని ‘అది’ అనడంలో ఉన్న తిరస్కారాన్ని ఏ మెషీన్ పట్టుకోగలదు?

మన భాష ఒక్కదానికే వచ్చిన కష్టం కాదిది. మయన్మార్‌లో రోహింగ్యా ముస్లింల మీద ఏళ్ల తరబడి విషం పారింది. హింసను రెచ్చగొట్టడానికి తన వేదికను వాడుకోకుండా ఆపడంలో చెయ్యాల్సినంత చెయ్యలేదని 2018లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. బర్మీస్ చదవగలిగినవాళ్లు ఆ కంపెనీలో మొదట్లో వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉండేవాళ్లు. 2021లో ఆ కంపెనీ అంతర్గత పత్రాలు బయటికొచ్చాయి. హిందీ, బెంగాలీల్లో ద్వేషాన్ని గుర్తించే సాధనాలు సరిగ్గా లేక చాలా రాతలు కంటబడకుండానే పోతున్నాయని అందులో ఉంది. కోట్ల మంది మాట్లాడే హిందీకే దిక్కు లేనప్పుడు గుంటూరు, పల్నాడుల ‘పల్లె’ సంగతి వేరే చెప్పాలా?

అయితే మీరింకా అడగాల్సిన చోట అడగలేదు. కామెంట్ పక్కన మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చెయ్యడం వేరు, చట్టప్రకారం ఫిర్యాదు చెయ్యడం వేరు. కేంద్రం 2021 ఫిబ్రవరి 25న తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి కంపెనీ ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. 50 లక్షలకు పైగా యూజర్లున్న పెద్ద కంపెనీ అయితే ఆ అధికారి మన దేశంలోనే ఉండాలి. పేరు, ఫిర్యాదు పంపే విధానం యాప్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. తేల్చడానికి మొదట 15 రోజుల గడువు ఉండేది. 2022 అక్టోబర్ సవరణ కొన్ని రకాల ఫిర్యాదులకు దాన్ని 72 గంటలకు తగ్గించింది. కులం, మతం పేరుతో హింసను రెచ్చగొట్టే ఉద్దేశంతో వైరం పెంచే రాతలు, ఆడవాళ్లని ఆడవాళ్లుగా అవమానించే రాతలు ఆ నిబంధన కిందికి వస్తాయి. గడువులు మారుతూ ఉంటాయి కాబట్టి, ఫిర్యాదు పంపే రోజున అమల్లో ఉన్న గడువెంతో చూసుకోండి.

ఫిర్యాదు తెలుగులో రాసి, కింద ఇంగ్లిష్‌లో కూడా పెట్టండి. ‘మా మనసు నొచ్చుకుంది’ అని రాస్తే సరిపోదు. ఒక్కొక్క కామెంట్‌కి దాని అర్థం విప్పి చెప్పాలి. ఉదాహరణకి ఇలా రాయండి: ‘కోస్తా ఆంధ్రలో పల్లె అంటే షెడ్యూల్డ్ కులాలవారిని ఊరికి వెలుపల ఉంచిన వాడ. ఊళ్లోకి తేకూడదు అనడం అంటరానితనాన్ని పాటించమని చెప్పడమే. ఈ మాట అన్నది పదహారేళ్ల ఎస్సీ బాలికని, ఆమె అంబేద్కర్ జయంతిన పాడిన పాట గురించి. కాబట్టి ఇది మీ నియమావళిలో కులం పేరుతో దూషణ కిందికి వస్తుంది.’ ఇంత విడమరిచి చెప్పాల్సి రావడం అన్యాయమే. కానీ ఇలా రాసినదాన్ని తోసిపుచ్చాలంటే వాళ్లు కూడా ఒక కారణం రాయాల్సి ఉంటుంది.

ఆ అధికారి కాదంటే, జవాబు అందిన 30 రోజుల్లో ఫిర్యాదుల అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చెయ్యొచ్చు. వీటిని కేంద్రం 2023 జనవరిలో ఏర్పాటు చేసింది. మూడు కమిటీలున్నాయి. ఇవి ప్రభుత్వం వేసిన కమిటీలే, కోర్టులు కావు. దాని మీద నాకు అభ్యంతరం ఉంది, కిందికి వచ్చాక చెబుతాను. కానీ ఈ రోజు మీకు అందుబాటులో ఉన్న మెట్టు అది. ఎక్కండి.

నేరుగా కులం పేరు పెట్టి తిట్టినవాళ్ల సంగతి వేరు. దానికి కంపెనీ దయ అక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉంది. అందులో సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) చూడండి. పదిమందికీ కనబడే చోట కులం కారణంగా అవమానించడం, కులం పేరుతో దూషించడం నేరం. ఆన్‌లైన్ పదిమందికీ కనబడే చోటేనా అన్న అనుమానం ఎవరైనా లేవదీస్తే, కేరళ హైకోర్టు 2022లో అవునని చెప్పిన సంగతి గుర్తుచెయ్యండి. ఇంటర్నెట్‌లో పెట్టినదాన్ని బాధితులు చూసిన ప్రతిసారీ అది వాళ్ల ముందు అన్నట్టేనని ఆ కోర్టు భావం. అయితే బాధితులు ఎస్సీ అయినంత మాత్రాన ప్రతి తిట్టూ ఈ చట్టం కిందికి రాదని, కులం కారణంగా అవమానించినట్టు ఉండాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఫిర్యాదులో నలభై కామెంట్లూ గుదిగుచ్చకండి. కులం పేరు స్పష్టంగా ఉన్నవి, ‘పల్లె’ కామెంట్ ముందు పెట్టండి. ‘పాట బాలేదు’ అన్నవాణ్ని వదిలెయ్యండి. వాడికి ఆ మాట అనే హక్కుంది.

ఈ కేసుల దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. కాబట్టి ఫిర్యాదు స్టేషన్‌లో ఇచ్చి, కాపీ డీఎస్పీకి కూడా ఇవ్వండి, రెండింటికీ రసీదు తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. దానికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఈ దారి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లో ఉంది. ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దౌర్జన్యాల గురించి చెప్పుకునే జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 14566. ఎస్సీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. లాయర్ ఫీజు గురించి వెనక్కి తగ్గకండి.

ఇక మీ ఇంట్లో గొడవ. మీ తమ్ముడి కోపం న్యాయమైనది. మీవారి భయం కూడా ఊహ కాదు. తమ్ముడు అడుగుతున్నలాంటి చట్టాన్ని, జైలు బదులు జరిమానాతో, జర్మనీ 2017లో చేసి చూసింది. స్పష్టంగా చట్టవిరుద్ధమైన రాతను ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసెయ్యాలి, లేకపోతే 5 కోట్ల యూరోల దాకా జరిమానా. 2018 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మొదటి వారంలోనే, ఒక రాజకీయ నాయకురాలి ద్వేషపూరిత ట్వీట్‌ని ఎగతాళి చేస్తూ రాసిన టైటానిక్ అనే వ్యంగ్య పత్రిక ఖాతాని ట్విటర్ కొన్నాళ్లు మూసేసింది. ద్వేషాన్ని ఎండగట్టినవాళ్ల నోరే మూతపడింది. తప్పుగా తీసేసినందుకు ఆ చట్టంలో జరిమానా ఉండేది కాదు, తియ్యనందుకే ఉండేది. జరిమానా ఒకవైపే ఉన్నప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ తీసేస్తుంది. ఫ్రాన్స్‌లో అలాంటి గడువే పెట్టిన చట్టాన్ని 2020 జూన్‌లో అక్కడి రాజ్యాంగ మండలి చాలావరకు కొట్టేసింది.

మన దగ్గరి అనుభవం ఇంకా చేదు. ఐటీ చట్టంలో 66ఎ అనే సెక్షన్ ఉండేది. ‘తీవ్రంగా అభ్యంతరకరం’, ‘చికాకు కలిగించేది’ అన్న మాటలతో రాశారు. దాని కింద ఎవరు లోపలికి వెళ్లారు? 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసిన పాల్ఘర్ అమ్మాయిని, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలిని అరెస్ట్ చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. కొట్టేసిన తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే ఉంటే, 2022లో మళ్లీ కోర్టే ఆపాల్సి వచ్చింది. మీ పక్కనే గుంటూరులో, 2020 మేలో విశాఖ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పంచుకున్న అరవై దాటిన ఒక మహిళ మీద సీఐడీ కేసు పెట్టింది. సోషల్ మీడియా పోస్టుల మీద ఆలోచించకుండా కేసులు కట్టొద్దని తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబర్‌లో పోలీసులకు మార్గదర్శకాలే ఇచ్చింది. మీ జిల్లాకి అవి నేరుగా వర్తించవు కానీ, మీవారు ఎందుకు భయపడుతున్నారో తమ్ముడికి అర్థం కావడానికి పనికొస్తాయి.

తమ్ముడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. అతను అడిగే జైలు భయం 2021 నిబంధనల్లో ఇప్పటికే ఉంది. పెద్ద కంపెనీ మన దేశంలో ఒక ప్రధాన బాధ్యుణ్ని పెట్టాలి, కంపెనీ తన విధులు పాటించేలా చూడకపోతే అతనే కేసులు ఎదుర్కోవాలి. మరి ఆ భయం మీకేం పనికొచ్చింది? ప్రభుత్వం నుంచి నోటీసు వస్తే ఆ మనిషి పరుగులు తీస్తాడు, మండల కేంద్రం నుంచి ఒక టీచర్ రిపోర్ట్ చేస్తే మెషీన్ జవాబిస్తుంది. భయం అధికారం ఉన్న వైపుకే పనిచేస్తుంది. పోలీసులు, ప్రభుత్వ శాఖలు కంపెనీలకు నోటీసులు పంపడానికి 2024లో సహయోగ్ అనే పోర్టల్ మొదలైంది. ఎక్స్ (పాత ట్విటర్) కంపెనీ దాని మీద కోర్టుకెక్కితే 2025 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టు ఆ పిటిషన్‌ని కొట్టేసింది. ఆ తర్వాత, అలాంటి నోటీసులు జాయింట్ సెక్రటరీ, డీఐజీ లాంటి పై స్థాయి అధికారులే, కారణం రాసి ఇవ్వాలని కేంద్రం నిబంధన మార్చింది. మంచిదే. కానీ ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చే చెయ్యి ప్రభుత్వానిదే అయినప్పుడు, ప్రభుత్వాన్ని ప్రశ్నించేవాడి రాత ముందు పోతుంది. అప్పీలేట్ కమిటీల మీద నా అభ్యంతరం కూడా ఇదే. దానిలో ఒక స్వతంత్ర న్యాయమూర్తి ఉంటే నాకు నిశ్చింతగా ఉండేది.

అలాగని ‘చట్టమే వద్దు’ అన్న మాట దగ్గర మీవారు ఆగిపోతే నేను ఒప్పుకోను. ఎవరూ అడగకపోతే ఆ కంపెనీ తనంతట తాను పల్నాడు మాట నేర్చుకోదు. అడగాల్సింది వేరే ఉంది. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఒక పోస్టుని తీసేస్తే ఎందుకు తీశారో కంపెనీ కారణం చెప్పాలి. ఫిర్యాదు కాదన్నా, పోస్టు తీసేసినా లోపలే మళ్లీ అడిగే దారి ఉండాలి, ఆ రెండో నిర్ణయాన్ని పూర్తిగా మెషీన్‌కి వదిలెయ్యకూడదు. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఒకటుంది. పెద్ద కంపెనీలు అక్కడి ఒక్కొక్క అధికార భాషలో కంటెంట్ చూడటానికి ఎంతమంది మనుషుల్ని పెట్టారో భాషల వారీగా లెక్క చెప్పాలి. ఐదు లక్షల పైచిలుకు జనాభా ఉన్న మాల్టా దేశపు భాషకి కూడా ఆ లెక్క ఇస్తారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల పైన. మన 2021 నిబంధనలు పెద్ద కంపెనీల్ని నెలనెలా నివేదిక ఇమ్మంటాయి కానీ భాషల వారీ లెక్క అడగవు. తెలుగు ఫిర్యాదుల్ని ఎంతమంది చదువుతున్నారు? వాళ్లలో కోస్తా, రాయలసీమ, తెలంగాణ మాటలు తెలిసినవాళ్లెందరు? ఎన్ని ఫిర్యాదులు తోసేశారు? ఈ లెక్క బయటికి రావాలని అడిగితే ఎవరి నోరూ మూతపడదు, ఎవరి మీదా కేసు పడదు. కంపెనీ మాత్రం తప్పించుకోలేదు.

దీని గురించి మీ తమ్ముడూ మీవారూ కలిసి సంతకం పెట్టగలరని నా నమ్మకం. మీవారి యూనియన్ తీర్మానం చేసి మీ ఎంపీకి ఇవ్వొచ్చు. ఇలాంటి ప్రశ్న పార్లమెంటులో రాతపూర్వకంగా అడిగితే మంత్రిత్వ శాఖ జవాబివ్వాలి.

అమ్మాయితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఫిర్యాదులో ‘పల్లె’ గురించి రాసే పేరా తనతోనే రాయించండి, ఇష్టమైతేనే. కామెంట్లు మళ్లీ మళ్లీ చదవనివ్వకండి. రుజువులు తీసే పని మీదీ మీ తమ్ముడిదీ, ఆమెది కాదు.

ఫిర్యాదుల అధికారికి పంపిన రోజు తేదీ రాసి పెట్టుకోండి. జవాబు వచ్చిన రోజే దాని కాపీ నాకు పంపండి. కాదని వస్తే ముప్పై రోజుల్లో అప్పీలు వెయ్యాలి కదా, ఆ కాగితం ఇద్దరం కలిసి రాద్దాం.